అమెరికా క్రేన్ నడిపినాయన

చమురు డబ్బుతో దోహా పైపైకి లేస్తున్న రోజులు. ఉత్తరాన ఉన్న మదీనత్ అల్ షమాల్ ఊరినుంచి దోహాకు వస్తున్న బస్సులో, పక్కసీటు తెలంగాణ మనిషికి అర్థశాస్త్రం చెప్పాను. ఆయన అడగలేదు. జపాన్ సరుకును ఆపమని అమెరికా కంపెనీలు తమ ప్రభుత్వం కాళ్లు పట్టుకుంటున్నాయనీ, పోటీలో నిలవలేనిదాన్ని పోనివ్వడమే న్యాయమనీ తేల్చేశాను.

"నిజమే సార్," అన్నాడాయన. "నేను నడిపే అమెరికా క్రేన్ మస్తు డీజిల్ తాగుతుండె. మొన్న కంపెనీ జపాన్‌ది తెచ్చింది, దానికి ఆపరేటర్‌ను గూడ తెచ్చింది. నన్ను ఇంటికి పొమ్మన్నరు."

నేను కిటికీలోంచి ఎడారిని శ్రద్ధగా చూశాను. చూడ్డానికి అక్కడేమీ లేదు.

ఆయన మెల్లగా నా మోచెయ్యి తట్టాడు. "ఇంకోపారి చెప్పుండ్రి సార్. మా ఇంటామెకు గిట్లనే సమజ్ చేయించాలె."

ఆ పాఠంలో నాకు కాలేజీలో ఫస్ట్‌క్లాసు వచ్చింది. ఆయన అంత శ్రద్ధగా వింటుంటే మాత్రం, రెండో వాక్యం దాటలేకపోయాను.