ఆ ఒక్క ‘కి’

ముందు పోయినవి రాస్తాను. ఒక గోడ మొత్తం పోయింది. దాని పక్క గోడలో పద్నాలుగు నిమిషాల పని పోయింది. పందొమ్మిది మందికి ఒక పెద్ద మసీదులో ఒక పూట నమాజు పోయింది. పరుగెత్తి పడడం వల్ల నా కుడి మోకాలి మీద రెండంగుళాల చర్మం పోయింది. లెక్క తప్పని మనిషి అని తెనాలిలో ముప్ఫై ఏళ్ళుగా నాకున్న పేరు పోయింది. చర్మం ఒక్కటే మళ్ళీ వచ్చింది.

ఇన్ని పోవడానికి కారణం ఒక్క అక్షరం. అది ‘కి’. దాన్ని పలికినవాడు మా బావ, మా అక్క భర్త. వాళ్ళది బాపట్ల.

నేను టైల్స్ మేస్త్రిని. ఏడో తరగతితో చదువు ఆగింది. ఎక్కాలు, భిన్నాలు, వైశాల్యాలు అన్నీ పని మీదే నేర్చుకున్నాను. గది గుమ్మంలో నిలబడి చూస్తే ఎన్ని టైల్స్ పడతాయో, ఎన్ని కోతలో పోతాయో చెప్పేస్తాను. తేడా వస్తే ఒకటి, మహా అయితే రెండు. మా వీధిలో నన్ను ‘లెక్కల భాయ్’ అంటారు. అనేవారు.

నాలుగేళ్ళ క్రితం మేము పందొమ్మిది మందిమి కలిసి మక్కాకి, ఉమ్రా యాత్రకి వెళ్ళాం. తెనాలి వాళ్ళు, రేపల్లె వాళ్ళు, భట్టిప్రోలు నుంచి ఇద్దరు, వేమూరు నుంచి ఒక టైలరు, బాపట్ల నుంచి బావ, అక్క, వాళ్ళ పక్కింటి దంపతులు. బయలుదేరే ముందు మాలో ఒక ఆచారం ఉంది. తెలిసినవాళ్ళ ఇంటింటికీ తిరిగి, “అన్నదీ విన్నదీ మాఫ్ చేయండి” అని అడగాలి. ఎవరి మనసులోనూ మన మీద కోపం మిగలకుండా చూసుకొని అడుగు బయట పెట్టాలి. బావ నన్ను అడిగాడు, నేను బావని అడిగాను. ఇద్దరం మాఫ్ చేసుకున్నాం. ఆ మాఫీ ఆ రోజు వరకే చెల్లుతుంది. తర్వాత చేసిన వాటికి అది వర్తించదు.

తిరుగు ప్రయాణంలో విమానం మారడానికి ఒక పెద్ద సముద్రపు ఊళ్ళో పదమూడు గంటలు ఆగవలసి వచ్చింది. ఉదయం ఆరింటికి దిగాం, సాయంత్రం ఏడింటికి మళ్ళీ విమానం. అంతసేపు ఆగేవాళ్ళని ఉచితంగా బస్సులో తిప్పి ఊరు చూపిస్తారని బావకి తెలిసింది. పాత రాజుల కోట, అక్కడి నుంచి పెద్ద మసీదు, అక్కడి నుంచి విమానాశ్రయం.

కోట అనగానే నాకు నిద్ర మత్తు వదిలింది. ఆ కోటలో ఎనిమిది పలకల గది ఒకటుందని, దాని గోడల నిండా చేత్తో రంగులు వేసి కాల్చిన టైల్స్ ఉన్నాయని నాకు తెలుసు. ఒక టైల్స్ కొట్టు క్యాలెండరు మీద దాని బొమ్మ ఉండేది. ఏడాది అయిపోయాక ఆ కాగితం అడిగి తెచ్చుకున్నాను. పదకొండేళ్ళు అది మా ఇంటి బీరువా తలుపుకి అంటుకొని ఉంది. బొమ్మలో మూడు గోడలే కనిపిస్తాయి. మిగిలిన ఐదింటి సంగతి ఏంటన్నది నా ప్రశ్న.

బస్సు కోట ముందు ఆగేసరికి పదకొండు. డ్రైవరు ఇంగ్లీషులో ఏదో చెప్పాడు. గల్ఫులో తొమ్మిదేళ్ళు చేసి వచ్చినవాడు కాబట్టి బావే మాకు దుబాసీ. మెట్టు మీద నిలబడి గట్టిగా అన్నాడు.

“అందరూ వినండి! మూడు గంటలకి బస్సు దగ్గర ఉండాలి!”

మా ఇళ్ళలో ఉర్దూ, బజారులో తెలుగు. బావ ఆ మాట ఉర్దూలో చెప్పి ఉంటే ఏ గొడవా లేదు. ఉర్దూలో గడియారం చూపించే మూడు వేరు, గడిచే మూడు వేరు. ‘తీన్ బజే’ అంటే ఒకటి, ‘తీన్ ఘంటే’ అంటే ఇంకొకటి. భట్టిప్రోలు వాళ్ళకి ఉర్దూ అంతగా రాదని బావ తెలుగులో చెప్పాడు. తెలుగులో రెండూ గంటలే. తేడా అంతా చివర వచ్చే ‘కి’లోనే ఉంది. డ్రైవరు చెప్పింది మూడు గంటలు తిరగమని, అంటే రెండింటికల్లా రమ్మని. బావ చెప్పింది మూడు గంటలకి రమ్మని.

“మూడు గంటలకేనా బావా?” అని అడిగాను కూడా.

“ఆఁ ఆఁ, నడువు” అన్నాడు, వెనక్కి చూడకుండా.

ఎనిమిది పలకల గదిలోకి వెళ్ళేసరికి పన్నెండు ఇరవై. నా చేతి గడియారాన్ని విమానంలోనే ఆ ఊరి టైముకి మార్చుకున్నాను. గోడకి పద్దెనిమిది నిమిషాల చొప్పున ఎనిమిది గోడలకి రెండు గంటల ఇరవై నాలుగు నిమిషాలు. రెండు నలభై నాలుగుకి ముగుస్తుంది. బస్సు దాకా నడవడానికి పదహారు నిమిషాలు ఉంటాయి. సరిపోయింది.

మొదటి గోడ అడ్డం పద్నాలుగు, నిలువు ముప్ఫై ఒకటి. నాలుగు వందల ముప్ఫై నాలుగు.

“ఎనిమిదితో గుణిస్తే సరిపోదా?” అంది మా ఆవిడ.

“గుణిస్తే అంచనా అవుతుంది. చూస్తేనే లెక్క.”

“అయితే మీరు చూడండి, నేను ఆ చివర కూర్చుంటాను” అని, కాసేపటికి విసిగి మా అక్క దగ్గరికి వెళ్ళిపోయింది.

నాలుగో గోడలో కింది నుంచి తొమ్మిదో వరసలో ఒక టైలు తలకిందులుగా ఉంది. అన్ని పూలూ పైకి చూస్తుంటే అదొక్కటి కిందికి వేలాడుతోంది. ఎన్ని తరాల కిందటి మేస్త్రీయో. ఏ సాయంత్రమో ఒళ్ళు అలిసి అతికించేసి ఉంటాడు, సున్నం గట్టిపడ్డాక చూసుకొని గుండె పట్టుకొని ఉంటాడు. రాజుకి చెప్పాడో లేదో. నాది కూడా ఇలాంటిదొకటి చీరాల దగ్గర ఈపురుపాలెంలో ఒక ఇంటి వంటగదిలో ఉంది. ఆ ఇంటివాళ్ళకి ఇప్పటికీ తెలియదు. దాని ముందు నిలబడి ఒంటరిగా నవ్వుకున్నాను. నా జీవితంలో అంత సుఖంగా గడిచిన పద్దెనిమిది నిమిషాలు ఎక్కువ లేవు.

ఆరు గోడలు అయ్యేసరికి టైము రెండు దాటి ఎనిమిది నిమిషాలు. ఏడో గోడ మొదలుపెట్టిన నాలుగు నిమిషాలకి బావ గది గుమ్మంలో కనిపించాడు. చెమటతో చొక్కా తడిసిపోయింది.

“ఏంటయ్యా ఇది! బస్సు స్టార్ట్ చేసి అరుస్తున్నాడు వాడు! పరుగెత్తు!”

పరుగెత్తాను. రాతి మెట్ల మీద పడ్డాను. ఆ కోట పెద్దది, దారి తప్పాం, బస్సు చేరేసరికి రెండు ముప్ఫై అయిదు. మిగతావాళ్ళంతా లోపలే ఉన్నారు. వాళ్ళు గంటలోనే కోట చూసేసి బస్సు పక్కన నీడలో కూర్చొని పల్లీలు తింటున్నారట. ఇంజను మోగగానే ఎక్కేశారు. బావ ఏమన్నాడో గుర్తు పెట్టుకోవలసిన అవసరం వాళ్ళలో ఎవరికీ రాలేదు.

డ్రైవరు మసీదు దగ్గర ఆపనన్నాడు. టైము లేదన్నాడు. బస్సంతా గొల్లుమంది. అప్పుడు బావ లేచి నిలబడి, అందరి ముందూ, నన్ను చూపించి అన్నాడు.

“నేను మూడు గంటలు అని చెప్పాను. లెక్కల భాయ్ మూడు గంటలకి అని విన్నాడు. పేరుకే లెక్కలు!”

కొందరు నవ్వారు. నేను నోరు తెరిచాను. “నువ్వు ‘కి’ అన్నావు బావా” అన్నాను. నవ్వు రెండింతలైంది. వేమూరు టైలరు, “కీ ఇస్తే నడిచే గడియారం అనుకున్నాడేమో” అన్నాడు.

నవ్వనిది ఒక్కరే. రేపల్లె నుంచి వచ్చిన ఖాలా, పిన్నీ అన్నట్టు మేమంతా ఆమెని అలాగే పిలుస్తాం. డెబ్భై దాటిన మనిషి, మా అందరిలోకీ పెద్దది. మసీదు గోపురం కిటికీలోంచి కనిపించి వెనక్కి పోయేదాకా చూసి, కళ్ళు తుడుచుకొని నా వైపు తిరిగింది.

“పోనీలే నాయనా. నేను మాఫ్ చేశాను” అంది.

చేయని తప్పుకి మాఫీ. దాన్ని నేను ఎక్కడ పెట్టుకోవాలి?

ఆ తర్వాత నాలుగేళ్ళు ఏ పెళ్ళికి వెళ్ళినా ఎవరో ఒకరు అడగడమే. “భోజనాలు రెండు గంటలా, రెండు గంటలకా భాయ్?” ఒక ఇంటి యజమాని నా అంచనా మీద ఇంకో మేస్త్రీతో మళ్ళీ కొలిపించాడు. ముప్ఫై ఏళ్ళలో అదే మొదలు. ఖాలా దగ్గరికి రెండుసార్లు వెళ్ళి చెప్పబోయాను. రెండుసార్లూ, “అయిపోయిన దానికి ఏంటి నాయనా, మాఫ్ చేశాగా” అని టీ పోసింది. నా మాటని సాకు అనుకుంది.

ఈ ఏడాది బావకి హజ్‌కి పిలుపు వచ్చింది. ఒక ఆదివారం అరకిలో జీడిపప్పు పట్టుకొని మా ఇంటికి వచ్చాడు.

“బామ్మర్దీ, అన్నదీ విన్నదీ మాఫ్ చెయ్యి.”

“ఏది అన్నది? ఏది విన్నది? విడివిడిగా చెప్పు బావా.”

“ఇదేంటయ్యా, మాఫీ కూడా సైజులవారీగా ఇస్తావా?”

“మేస్త్రిని. కొలత లేకుండా ఏదీ ఇవ్వను.”

బావ నవ్వాడు. నేను నవ్వలేదు. బావ ఫ్యాను వైపు చూసి, “సరే. ఆ రోజు ‘కి’ అన్నాను. నువ్వు రాకపోయేసరికి నాకే తట్టింది. అంతమందిలో ఏం చెప్పమంటావు? చాలా ఇక?” అన్నాడు.

వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది.

“నా ఒక్కడి దగ్గర చెబితే ఎలా? అన్నది అందరి ముందు. పదహారు మందికి చెప్పి రా. అప్పుడు మాఫ్.”

“మనం పందొమ్మిది కదా?”

“నువ్వొకడివి, నేనొకడిని. మా ఆవిడకి ఆ రోజే తెలుసు. పదహారు. తెనాలిలో ఏడు, రేపల్లెలో మూడు, భట్టిప్రోలులో రెండు, వేమూరులో ఒకటి, మీ పక్కింట్లో రెండు.”

“పదిహేనేగా?”

“మా అక్క.”

బావ ముఖం అప్పుడు మారింది.

ఆ రెండు నెలలు నాకు బాగా గడిచాయి. దాచను. బావ బస్సులూ ఆటోలూ ఎక్కి ఎండలో తిరుగుతుంటే నేను ఇంట్లో కూర్చొని ఒక్కొక్కళ్ళకీ ఫోన్ చేసి సరిచూసుకున్నాను. వేమూరు టైలరు అన్నాడు, “వచ్చాడండి మీ బావ. అరగంట కూర్చున్నాడు, ఎండల గురించి మాట్లాడాడు. వెళ్ళేటప్పుడు గేటు దగ్గర చెప్పాడండి.”

“ఏమని?”

“ఆ రోజు తప్పు నాదేనేమో అన్నాడు.”

“నేమో అన్నాడా?”

“అన్నాడండి.”

బావకి ఫోన్ చేశాను. “వేమూరు చెల్లదు. ‘ఏమో’ తీసేసి మళ్ళీ చెప్పి రా.”

రెండోసారి వెళ్ళాడు. ఈసారి ఆటో దొరక్క మూడు కిలోమీటర్లు నడిచాడట. ఆ మాట విన్న రాత్రి నాకు మంచి నిద్ర పట్టింది.

తెనాలిలో శుక్రవారం నమాజు అయ్యాక టీ కొట్టు దగ్గర అందరినీ నిలబెట్టి ఒకేసారి చెప్పేశాడు. నేను ఎదురుగా నిలబడి లెక్కపెట్టాను. ఆరుగురే ఉన్నారు. ఏడోవాడికి జ్వరం. బావ వాళ్ళింటికి కూడా వెళ్ళి మంచం పక్కన నిలబడి చెప్పాడు. అక్కకి చెప్పిన రోజు ఆమే నాకు ఫోన్ చేసింది.

“నాకా చెప్పేది? ఇన్నేళ్ళుగా ఈయన చెప్పిన టైము నేను ఏనాడు నమ్మాను? అందుకేగా ఒంటిగంట నుంచీ బస్సు వదలకుండా కూర్చున్నాను.” ఆపైన, “ఇక వదిలెయ్యరా తమ్ముడూ. పెద్దాయన. అంత దూరం పోతున్నాడు” అంది.

“ఇంకా రేపల్లె ఉంది అక్కా” అన్నాను.

రేపల్లె నుంచి బావే ఫోన్ చేశాడు. వెనక రైలు కూత వినిపిస్తోంది.

“ఇద్దరికి చెప్పాను. ఖాలా ఇంటికి తాళం వేసి ఉంది. పక్కవాళ్ళు చెప్పారు, పోయిన రంజాన్లోనే చనిపోయిందట. నీకు తెలియదా?”

“తెలుసు. మట్టికి వెళ్ళాను.”

“తెలిసే పదహారన్నావా?”

“ఆ బస్సులో ఆమె ఉందా లేదా బావా?”

“చచ్చిపోయిన మనిషికి ఎట్లా చెప్పేదిరా నేను?”

“చెప్పడానికి నీకు నాలుగేళ్ళు టైముంది. నాలుగేళ్ళు. నాలుగేళ్ళకి కాదు.”

ఫోన్ పెట్టేశాడు. తర్వాత తెలిసింది, ఆమె సమాధి దగ్గరికి వెళ్ళి చాలాసేపు నిలబడ్డాడట. నిలబడితే నిలబడనీ. ఆమె నన్ను తప్పు చేసినవాడిగానే చూస్తూ వెళ్ళిపోయింది. దాన్ని ఎవరు మారుస్తారు?

బావ హజ్‌కి బయలుదేరిన రోజు బాపట్ల స్టేషనుకి అందరం వెళ్ళాం. పూలదండల మధ్య నుంచి వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. అక్క నా వైపే చూస్తోంది. అందరూ వింటుండగా అడిగాడు.

“బామ్మర్దీ, మాఫేనా?”

ఒక్క మాట అంటే సరిపోయేది. రైలు కదలడానికి ఇంకా నాలుగు నిమిషాలు ఉన్నాయి, అనడానికి టైము లేక కాదు.

“పదిహేను ముట్టాయి బావా” అన్నాను.

వెళ్ళాడు, వచ్చాడు. ఇప్పుడు అందరూ హాజీ గారు అంటున్నారు. నన్ను చూస్తే ఆగి పలకరిస్తాడు, నేనూ పలకరిస్తాను. అక్క మాత్రం నాతో సరిగ్గా మాట్లాడడం లేదు. దాన్ని పోయినవాటిలో కలపాలా వద్దా అని ఇంకా తేల్చుకోలేదు. మిగతా లెక్కలో ఏ అనుమానమూ లేదు. పదహారులో పదిహేను చెల్లాయి. ఈ రోజుకి బాకీ ఒకటి.