తూర్పు మూలన లేచిన కాయ

జమ్మలమడుగు చేలల్లో ఎక్కడ బోరు బండి నేల తొలుస్తున్నా నేను కాస్త ఎడంగా నిలబడి ఎదురుచూస్తాను. మొదట తెల్లటి రాతిపొడి లేస్తుంది. అదృష్టం ఉంటే కాసేపటికి ఆ పొడి తడుస్తుంది. తడిసిన రాయికి ఒక వాసన ఉంటుంది, కొత్త కుండలో మొదటిసారి నీళ్లు పోసినప్పటి వాసన. అది ముక్కుకు తగలగానే చుట్టూ ఉన్న మనుషులూ బండి రొదా మసకబారిపోతాయి. ఆ తెల్లటి పొడిలోంచి, చెప్పుల్లేని కాళ్లతో, అరచేతిలో కొబ్బరికాయతో మా నాయన మెల్లగా నడిచి వస్తున్నట్టుంటుంది.

మాది తొండూరు దగ్గర ఒక పల్లె. నాయనకు చీనీ తోట, అంటే బత్తాయి తోట, ఉండేది. చుట్టుపక్కల ఎవరు బోరు వేయాలన్నా ముందు ఆయన చేత నీళ్లు చూపించుకునేవాళ్లు. పీచు ఒలిచిన కొబ్బరికాయను అరచేతిలో అడ్డంగా పడుకోబెట్టుకుని పొద్దున్నే చేనంతా తిరిగేవాడు. కాయ ఎక్కడ నిలువుగా లేస్తే అక్కడ నీళ్లు. లేచిన ఆ కాయనే దాచిపెట్టి, బోరు బండి వచ్చిన రోజు అదే చోట కొట్టాలి. మా వైపు పద్ధతి అది. నేనేమో భూగర్భశాస్త్రం చదివి, ప్రొద్దుటూరులో నీళ్ల సర్వే చేసే ఉద్యోగంలో చేరాను. నేలలో ఇనుప కడ్డీలు దిగ్గొట్టి, కరెంటు పంపి, లోపలి రాయి సంగతి మీటరులో చూడటం నా పని. ఇక చూడండి, ఆదివారం ఇంటికొస్తే మాకు వేరే మాటే లేదు.

"ఏంది పాపా, నీ పెట్టె ఏం చెప్తాంది?" అనేవాడు చీనీ చెట్ల నీడలో టీ తాగుతూ.

"నీ కాయ కంటే నయంగానే చెప్తాంది. నీ చెయ్యి వణికితే కాయ లేస్తాది నాయనా. నీళ్లకూ దానికీ ఏం సంబంధం?"

"యాడబడితే ఆడ వణకదు గదా! ఆడనే ఎందుకు వణికింది? దానికి చెప్పు జవాబు."

జవాబు ఉన్నట్టు నటించి పుస్తకాల్లోని పెద్ద పెద్ద మాటలు వాడేదాన్ని. ఆయన మీసం దువ్వుకుని నవ్వేవాడు. ఒళ్లు మండేది నాకు. అయినా ఆ నవ్వు కోసమే వారమంతా కొత్త వాదనలు పోగేసుకునేదాన్ని.

ఒక పొద్దున, తోట పూత మీదున్నప్పుడు, కాయను నా అరచేతిలో పెట్టాడు. "కండ్లు మూసుకో. గెలవాలని నడవాకు పాపా, ఊరికే నడువు," అన్నాడు. కాళ్ల కింద మన్ను చల్లగా ఉంది. పూల వాసన ఎంత దట్టంగా ఉందంటే నిద్రలో నడుస్తున్నాననే అనిపించింది. తోట తూర్పు మూలకు వచ్చేసరికి కాయ చేతిలో పిట్టలా మెదిలింది. "నరం అదిరింది, అంతే," అన్నాను. "సరేలే, నరమే అనుకో," అన్నాడు. నరమో, నీళ్లో, నా మణికట్టు కింద నాయన చెయ్యి ఉన్నందుకో, ఈ రోజుకీ తేల్చుకోలేదు.

ఆ తరువాతి ఏడాది వానల్లేవు. పాత బోరు సన్నగిల్లింది, తోట పైభాగంలో చెట్లు ఆకులు ముడుచుకున్నాయి. ఇంకొక్క బోరు వేయడానికే మాకు శక్తి ఉంది. అది తప్పితే ఇరవై ఏళ్ల చెట్లు పోతాయి. నాయన కాయ మళ్లీ తూర్పు మూలనే లేచింది. నా మీటరు పడమటి గట్టు వైపు చూపించింది. వారం రోజులు ఇద్దరం నవ్వకుండా వాదించుకున్నాం. చివరికి ఆయనే, "నీ చోటే వేద్దాం. నిన్ను చదివించింది నా మాట వినేదానికా?" అన్నాడు.

బోరు బండి వచ్చిన రోజు ఊరంతా గట్టున చేరింది. నాయన తన తూర్పు మూల కాయ తెచ్చి, అందరూ చూస్తుండగా నా గుర్తు మీద కొట్టాడు. నాకు తల కొట్టేసినట్టయింది. "నా పాయింటుకు నీ కాయెందుకు? పేరంతా నీకే రావాల్నా?" అని పళ్లు నూరుతూ చెవిలో అడిగాను. "అట్లే అనుకో పాపా," అన్నాడు. మధ్యాహ్నం దాకా బండి తొలుస్తూనే ఉంది. తెల్లటి పొడి ఆకుల మీద, మా తలల మీద పడుతూనే ఉంది. తడి మాత్రం తగల్లేదు.

"ఏం మామా, నీ కాయ ఇంత మోసం జేసిందే!" అన్నారెవరో.

"నాదే తప్పబ్బా. వయసైపోయింది, చెయ్యి వణుకుతాంది," అన్నాడు నాయన.

ఇన్నేళ్లూ నేను మొత్తుకున్నా ఒప్పుకోని మాట! ఊరి ముందర నిలబడి తనే అనేశాడు. ఆ పాయింటు నాదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. సిగ్గు, భయం.

ఇంటికొచ్చి ఏడ్చాను. "నీళ్లు పడింటే ఏం చెప్పేవాడివి?" అని అడిగాను.

"నా బిడ్డ మిషన్ చూపించిందని పులివెందుల దాకా చెప్పుకుంటా పోయిందును. నీకిది మొదలు పాపా. నాకు ఒక తప్పుతో పోయేదేముంది?"

"అయితే కాయ అబద్ధమని ఒప్పుకున్నట్టే గదా!"

"ఊరి ముందర ఒప్పుకున్నా. నీ ముందర ఒప్పుకోను," అని మీసం దువ్వుకున్నాడు.

పై చెట్లు ఎండిపోయాయి. నీళ్లు చూడమని నాయనను పిలవడం మానేశారు, నన్ను పిలవసాగారు. ఆయన పోయేదాకా కూడా నేను ఊరికి నిజం చెప్పలేదు. ఇప్పుడు ఏ చేనికి పోయినా మొదట ఆ కథే చెబుతాను. "పాయింటు తప్పదు గదా మేడం?" అని రైతులు అడిగితే, "తప్పుతాదప్పా. తప్పితే నా పేరే చెప్పు," అంటాను.

మిగిలిన తోటకు కాలువ నీళ్లు వచ్చాయి, బోరు అవసరం లేదు. అయినా తూర్పు మూలన ఒకసారి తొలిపించి చూడొచ్చు కదా అంటారు తెలిసినవాళ్లు. చూడొచ్చు. నీళ్లు పడితే నాయన గెలుస్తాడు, పడకపోతే నేను గెలుస్తాను. ఎవరు గెలిచినా మా వాదన అయిపోతుంది. అందుకే ఆ మూలన గడ్డపార కూడా దిగనివ్వను.