బద్రియా మామా ఇంటి రొట్టె

1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చిన రోజున, సాల్మియాలోని ఆ రెండంతస్తుల ఇంట్లో ఇద్దరే ఆడవాళ్లున్నారు. ఒకరు ఇంటావిడ బద్రియా మామా, డెబ్బై ఏళ్ల మనిషి; అక్కడి పనివాళ్లు యజమానురాలిని 'మామా' అంటారు, అంటే అమ్మ. రెండోది పనిమనిషి గంగులమ్మ. మామా కూతురు వేసవి సెలవులకని పిల్లలతో లండన్ వెళ్లి అక్కడే ఉండిపోయింది. డ్రైవరు మూడో రోజున కారుతో సహా కనిపించకుండా పోయాడు.

గంగులమ్మది రాయచోటి దగ్గర పల్లె. భర్త పోయాక, ఏడేళ్ల కూతురు కళావతిని తల్లి దగ్గర వదిలి వచ్చింది. అప్పటికి నాలుగేళ్లయింది. ఇల్లు తుడవడం, బట్టలుతకడం, మామా మోకాళ్లకు నూనె రాయడం ఆమె పనులు. రొట్టె మాత్రం ఆ ఇంట్లో ఎవరూ చేసి ఎరగరు. వీధి చివరి బేకరీ నుంచి పొద్దున్నే వేడివేడిగా వచ్చేది.

ఇప్పుడు ఆ బేకరీ పనివాళ్లలో సగం మంది వెళ్లిపోయారు. తెల్లవారగానే వెళ్లి క్యూలో నిలబడితే, ఎండ నడినెత్తికొచ్చేసరికి రెండు రొట్టెలు దొరికేవి. ఒకరోజు గంగులమ్మ కళ్లముందే సైనికులు క్యూలోంచి ఒక మనిషిని లాక్కుపోయారు. ఆమె ఒట్టి చేతులతో ఇంటికొచ్చి వంటగదిలో నేలమీద కూలబడింది.

మామా చేతికర్ర ఊతంతో సామాన్ల గదిదాకా నడిచి పిండి బస్తా చూపించింది.

"రేపటి నుంచి నువ్వు వెళ్లొద్దు. మనమే చేసుకుందాం."

"నాకు రాదు మామా," అంది గంగులమ్మ తన వచ్చీరాని అరబ్బీలో. "మా ఊర్లో జొన్నరొట్టె తట్టేదే తెలుసు నాకు."

"మా అమ్మ చేస్తుంటే చూశాను నేను. యల్లా, పద, చేతులు కడుక్కో."

మొదటి రొట్టె పొంగలేదు. పెనంలో బిళ్లలా గట్టిపడి కూర్చుంది. మామా ధైర్యంగా కొరికింది. రొట్టె బయటికొచ్చింది కానీ, దాంతోపాటు పైవరస కట్టుడుపళ్లూ వచ్చేశాయి. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మామా బోసినోటితో, కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వింది. యుద్ధం మొదలయ్యాక ఆమె నవ్వడం గంగులమ్మ చూడడం అదే మొదటిసారి.

మర్నాడు మామా స్టూలు వేసుకుని పక్కనే కూర్చుంది. "పిండిని కొడుతున్నావు నువ్వు. కొట్టకు. తోయి, మడువు, మళ్లీ తోయి," అంటూ గంగులమ్మ చేతులమీద తన చేతులు వేసి చూపించింది. నాలుగో రోజుకు రొట్టె పొంగింది.

వారానికల్లా ఈస్టు అయిపోయింది. మామా దిగులుపడితే గంగులమ్మ తేలిగ్గా అంది: "దోసెపిండి పులిసేదానికి మేము ఏ పొడి యేస్తాండామని? ఈ పొద్దుటి ముద్ద కొంచెం తీసిపెట్టి రేపటి పిండిలో కలుపుదాం."

అలాగే చేశారు. ఆ రొట్టె రవ్వంత పుల్లగా వచ్చింది. మామా ఒక ముక్క నోట్లో పెట్టుకుని మెల్లగా చప్పరించింది. "మా అమ్మ కూడా ఇలాగే చేసేది. మర్చేపోయాను," అంది.

సెప్టెంబరులో పెంచల్ వచ్చాడు. గంగులమ్మ పిన్నమ్మ కొడుకు, ఊరి బయట కబ్ద్‌లో తోటపని చేసేవాడు.

"అక్కా, మనోళ్లు బస్సు మాట్లాడినారు. బాగ్దాద్ మీద జోర్డాన్ దేశం అమ్మాన్‌కు పోతే ఆడినుంచి మన దేశానికి విమానం ఉండాది. బట్టలు సర్దుకో, పోదాం."

సంగతి తెలియగానే మామా లోపలికెళ్లి, బీరువాలోని గంగులమ్మ పాస్‌పోర్టు తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. "వెళ్లు. నీకు బిడ్డ ఉంది."

"నేను పోతే నీకు రొట్టె యెవరు చేస్తారు?"

"నేనే."

"యేదీ, చేసి చూపించు."

మామా పిండి పళ్లెం ముందు కూర్చుంది. వాతంతో వంకరపోయిన వేళ్లు పిండిలోకి దిగలేదు. నాలుగుసార్లు తోసేసరికి ఆయాసం వచ్చింది. అయినా ఆపకుండా తోస్తూనే ఉంది. గంగులమ్మ చూడలేక పళ్లెం తన వైపు లాక్కుంది.

పెంచల్‌కు ఒళ్లు మండింది. "యెవరో ముసలామె కోసం సొంత బిడ్డను ఇడిసిపెడతావా అక్కా?"

గంగులమ్మ నాలుగు రొట్టెలు గుడ్డలో కట్టి అతని చేతికిచ్చింది. "అమ్మ బాగుండాదని, వస్తాదని కళావతికి చెప్పు నాయనా." అతను వెళ్లాక డాబా ఎక్కి, బస్సు ఎటు పోతుందో తెలియకపోయినా రోడ్డువైపు చూస్తూ ఏడ్చింది.

ఫిబ్రవరిలో బాంబుల మోత మధ్య కరెంటు పోయింది, గ్యాసు అయిపోయింది. సైనికులు తగలబెట్టిన చమురుబావుల పొగకు మధ్యాహ్నమే చీకటి పడేది. గంగులమ్మ పెరట్లో మూడు ఇటుకలు పెట్టి పొయ్యి చేసింది. కట్టెలకు విరిగిన కుర్చీలు చాలలేదు. మామా తన పెళ్లినాటి చెక్కపెట్టె చూపించింది.

"వద్దు మామా. దాన్ని యట్ల పగలగొట్టేది?"

"పెట్టెను తినలేం కదా," అంది మామా.

ఆ పెట్టె చెక్కలమీద కాలిన రొట్టెలే చివరి రోజుల్లో వాళ్లిద్దరి కడుపూ నింపాయి, పక్కింటి అక్కాచెల్లెళ్ల కడుపూ నింపాయి. ఒక పొద్దున వీధిలో ఆడవాళ్లు నాలుక ఆడిస్తూ సంతోషంతో వేసే కేకలు వినిపించాయి. ఇరాక్ సైనికులు వెళ్లిపోయారు. మామా తన చేతిలోని రొట్టె తుంచి, ముందు గంగులమ్మ నోట్లో పెట్టింది.

మే నెలలో మామా కూతురు లండన్ నుంచి తిరిగొచ్చాక గంగులమ్మ ఊరికి బయలుదేరింది. కళావతికి అప్పటికి పన్నెండేళ్లు. వాకిట్లో నిలబడ్డ తల్లి దగ్గరికి రాలేదు.

"పెంచల్ మామ వచ్చినాడు. నువ్వు రాలే," అని మాత్రం అంది. మూడు రోజులు ఇంకో మాట లేదు.

నాలుగో రోజు మధ్యాహ్నం గంగులమ్మ పంచలో కూర్చుని బియ్యం ఏరుతూ, ఎవరూ అడగకుండానే అంతా చెప్పుకొచ్చింది. కట్టుడుపళ్ల సంగతి, పెట్టె సంగతి, పిండిలోకి దిగని వేళ్ల సంగతి. గడపమీద కూర్చున్న కళావతి గోడవైపు తిరిగే వింది.

"ఆయమ్మకు ఇప్పుడు యెవరు చేసి పెడతాండారు?"

"కూతురొచ్చింది కదమ్మా."

"ఆ కూతురికి చేసేది వచ్చునా?"

గంగులమ్మ తల అడ్డంగా ఊపింది. కళావతి కొంచెం దగ్గరికి జరిగి, చేటలో చెయ్యి పెట్టి రాళ్లు ఏరడం మొదలుపెట్టింది.