అమ్మవారి దారి

పాలు గిన్నెలో వంచేశాక ఖాళీ కవరు కాసేపు సింకు పక్కన పడుంటే వచ్చే పులిసిన వాసన మా ఇంట్లో ఎవరికీ గిట్టదు. నాకు మాత్రం ఆ వాసనతో శంషాబాద్‌లో మేం కిరాయికున్న ఇంటి డాబా, బట్టల తాడుకి క్లిప్పులు పెట్టి ఆరేసిన పాల కవర్లు, వాటి మీదుగా చక్రాలు దించుకుంటూ పోయే విమానాలు గుర్తొస్తాయి.

నాన్న ఎయిర్‌పోర్టులో సరుకుల షెడ్డులో పనిచేసేవారు. అమ్మమ్మ ఊరు సముద్రపు ఒడ్డున, ఇసుక దిబ్బల వెనక. ఆ దిబ్బలు ఏటేటా తరిగిపోతుంటే ఊరి ఆడవాళ్ళు వాటిమీద పూర్వం ఉన్న మొక్కలనే మళ్ళీ నాటసాగారు. మేక గిట్టలాంటి ఆకులతో పాకే ఊదాపూల తీగ, రావణాసురుడి మీసాలని పిలిచే ముళ్ళగడ్డి. నారు పెంచడానికి కవర్లు మేం పట్టుకెళ్ళేవాళ్ళం.

"గంత దూరం ఖాళీ కవర్లు మోసుడేంది పాపా?" అని ఇంటి ఓనరు యాదమ్మ ఆంటీ నవ్వేది. నవ్వుతూనే తన ఇంట్లోవీ కడిగిచ్చేది.

వేసవి సెలవుల్లో పొద్దున్నే ముంజలు, మధ్యాహ్నం ఉప్పూకారం అద్దిన మామిడి ముక్కలు, పొద్దు వాలాక చెంబులతో తీగలకి నీళ్ళు. దిబ్బ మీంచి జారామో, తీగల వేళ్ళు లేచిపోతాయని అమ్మమ్మ వీపు చిట్లగొట్టేది. ఆ సెలవుల్లోనే జాతర. అమ్మవారిని స్నానానికి సముద్రానికి మోసుకెళ్ళే దారి దిబ్బని చీల్చుకుని తిన్నగా పోయేది, దాని మొదట్లోనే అమ్మమ్మ ఇల్లు. మోసేవాళ్ళ కాళ్ళు పసుపునీళ్ళతో కడగడం ఆ ఇంటి హక్కు.

నాటడం నేర్పడానికొచ్చినాయన, తిన్నగా ఉంటే అలకీ అదే దారవుతుంది, కాస్త వంపు తిప్పి ఈ సందు పూడ్చేద్దామన్నాడు. ఊరంతా సరేనంది. వంపు తిప్పితే దారి అమ్మమ్మ గుమ్మం తప్పిపోతుంది.

"అమ్మవారు వంకర్లు తిరిగి వత్తాదేంటయ్యా? ఆ దారి జోలికి రాకండి," అంది అమ్మమ్మ. పెద్దావిడ మాట ఎవరూ కాదనలేదు.

ఆ ఏడే తుఫాను వచ్చింది. జనమంతా ముందే బడి భవనంలోకి వెళ్ళడంతో ఎవరికీ ఏమీ కాలేదు. తీగ పట్టుకున్న దిబ్బ నిలబడింది. నీళ్ళు ఆ ఒక్క సందులోంచే వచ్చి అమ్మమ్మ ఇల్లు పునాదులతో సహా ఊడ్చుకుపోయాయి.

నాన్న వెళ్ళి ఆవిణ్ణి తీసుకొచ్చారు. ఆరాంఘర్‌లో బస్సు దిగినప్పుడు ఆవిడ చేతిలో ఒక్క గుడ్డసంచి. ఎవరూ ఏడవలేదు. అమ్మ అన్నం పెట్టింది, ఆవిడ తింది. నాకైతే దుఃఖం ఉండాల్సిన చోట ఏమీ లేదు, ఇప్పటికీ లేదు.

"ఎట్లయ్యింది పెద్దమ్మా?" అంది యాదమ్మ ఆంటీ, పక్కన కూచుని.

"తిన్నగానే వచ్చిందమ్మా," అంది అమ్మమ్మ. ఆ తర్వాత బతికున్నన్నాళ్ళూ ఊరి మాట ఎత్తలేదు.

నిరుడు నేనూ తమ్ముడూ జాతరకి వెళ్ళాం. దారికి ఇప్పుడు వంపుంది. అక్కడికి రాగానే మోసేవాళ్ళు కాస్త నెమ్మదించారు, డప్పు ఆగలేదు, అమ్మవారు ఏ ఇబ్బందీ లేకుండా వంపు తిరిగి సముద్రంవైపు వెళ్ళిపోయింది. అమ్మమ్మ ఇల్లు ఎక్కడుండేదని తమ్ముడు అడిగాడు. చూపిద్దామని చెయ్యెత్తాను. తీగ అంతటా ఒక్కలాగే కమ్ముకుని పూసి ఉంది. ఎటు చూపించాలో తెలియక చెయ్యి దించేశాను.