జోగమ్మ మెడ తిప్పనంది

జోగమ్మ చేతికి ఎముకల సంగతి బాగా తెలుసు. పాలకొండ దగ్గరి పల్లెలో ఆమె తండ్రి కట్లు కట్టేవాడు. మగపిల్లలు లేకపోవడంతో ఆ విద్య కూతురికి అబ్బింది. 1958లో మొగుడు జగ్గయ్య ఉక్కు కర్మాగారం పనికి బరువులెత్తే ఖలాసీగా భిలాయి వస్తే, ఒక ట్రంకు పెట్టె, ఆముదం సీసా పట్టుకుని ఆమె అతని వెంట వచ్చింది. అక్కడి ఖుర్సీపార్ బస్తీలో రేకుల ఇల్లు. కర్మాగారంలో మొదటి కొలిమి అప్పటికింకా వెలిగించలేదు.

అంత పెద్ద కట్టడం జరిగే చోట దెబ్బలకు కొదవేముంటుంది? నిచ్చెన జారినవాడూ, ఇనుము మోస్తూ భుజం తప్పినవాడూ ముందు జోగమ్మ గుమ్మమే తొక్కేవారు. ఛత్తీస్‌గఢీ కూలీలు కూడా "దీదీ, జరా దేఖో", అక్కా కాస్త చూడమంటూ వచ్చేవారు. ఆమె వేళ్ళతో తడిమి చూసేది. ఎముక విరిగిందనిపిస్తే "ఇది నా వల్ల కాదు, ఆసుపత్రికెల్లు" అనేది. కీలు మాత్రమే తొలగితే, మీదే ఊరు, ఎంతమంది పిల్లలు అని కబుర్లలో పెట్టి ఒక్క లాగు లాగేది. అరుపు పూర్తయ్యేలోపు భుజం చోటికి చేరేది.

1964 చలికాలంలో ఆ పేరు చాలదన్నట్టు ఇంకో పేరు వచ్చిపడింది. జగ్గయ్య పనిచేసే చోట ఫోర్‌మన్ గురునాథరావుకు పదిరోజులుగా రొంప, దానికి తోడు మెడ పట్టేసింది. జోగమ్మ నూనె మర్దనా చేసి మెడ ఒడుపుగా తిప్పితే టక్కుమంది. మర్నాటికి మెడ తేలికపడింది, రొంపా పోయింది. ఆయన కాంటీన్‌లో, బస్సులో, కనబడ్డవాళ్ళందరికీ ఒకటే చెప్పాడు: "జోగమ్మ మెడ తిప్పిందంటే రొంప పారిపోతుంది!"

ఇక చూడండి, ముక్కులు చీదుకుంటూ జనం. మొదట్లో జోగమ్మ కాదనలేదు. ఆ సంగతి దాచడమెందుకు? అంతమంది తన కోసం రావడం ఎవరికి చేదు? వీపు మర్దనా చేసేది, మెడ తిప్పేది. హాయిగా ఉందంటూ వెళ్ళేవారు. తగ్గినవాళ్ళు పదిమందికి చెప్పేవారు, తగ్గనివాళ్ళు మళ్ళీ వచ్చేవారు.

"నిజంగా తగ్గుతాదేటే?" అని జగ్గయ్య ఒకసారి అడిగాడు.

"నాకేటి తెలుసు? తగ్గిందని ఆళ్ళే అంటన్నారు."

ఆ జవాబు ఆమెకే నచ్చలేదు. తండ్రి ఏనాడూ రొంపకు మెడ ముట్టలేదని గుర్తుంది. ఆ నెలలోనే ఆమెకూ రొంప పట్టింది. ఎవరూ మెడ తిప్పలేదు, ఎవరూ ఏమీ చెయ్యలేదు. తొమ్మిదో రోజుకు దానంతటదే పోయింది. అయినా వచ్చినవాళ్ళకు ఆ సంగతి చెప్పలేదు.

సంక్రాంతి వెళ్ళిన వారానికి, ఒక మధ్యాహ్నం కాంట్రాక్టు కూలీ సత్యారావు తన ఎనిమిది నెలల కూతుర్ని ఎత్తుకుని వచ్చాడు. వెనకాలే భార్య మణిమాల, ఏడ్చి ఏడ్చి వాచిన కళ్ళతో. వాకిట్లో పదిమంది దాకా ఉన్నారు. గురునాథరావు కూడా వీపు మర్దనాకు వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"నాలుగు రోజులుగా రొంప అత్తా. పాలు తాగట్లేదు. ఒక్కసారి మెడ తిప్పీ."

జోగమ్మ గుడ్డ తొలగించి చూసింది. పాప ఊపిరి తీసుకున్నప్పుడల్లా డొక్కలు లోపలికి పీక్కుపోతున్నాయి. ముక్కుపుటాలు ఎగురుతున్నాయి. పెదవులు నేరేడు రంగుకు తిరుగుతున్నాయి.

"తిప్పను" అంది.

"ఏటి?"

"ముట్టను. ఇది రొంప కాదు, గుండెల్లోకి దిగిపోనాది. ఆసుపత్రికి పద."

సత్యారావు మొహం ఎర్రబడింది. "ఫోర్‌మన్ గారిదైతే మెడ, కూలోడి కూతురిది మెడ కాదేటి?"

"మెడే. ఇంత లేత మెడ. అందుకే ముట్టను."

గురునాథరావు అరుగు మీంచి గొంతెత్తాడు. "ఏమిటే ఈ బెట్టు? నాకు తగ్గించావు కదా, పసిదానికి చేస్తే నీ సొమ్మేం పోయింది?"

జోగమ్మ ఆయన వైపు తిరిగింది. మొగుడి పై అధికారి అన్న సంగతి ఆమెకు తెలియకపోలేదు. "బాబూ, మీ రొంప పదిరోజులుండి పదకొండో రోజున పోనాది. నాను ముట్టకపోయినా పోయీది. మీ మెడ తిప్పినాను, అంతే. రొంపని నాను తిప్పలేదు. ఇన్నాళ్ళూ ఈ మాట సెప్పకపోవడం నా తప్పు. ఇప్పుడు సెప్తన్నాను, అందరూ ఇనండి."

వాకిట్లో గోల లేచింది. పొగరన్నారు, మొండిదన్నారు. ఆమె సత్యారావు చేతుల్లోంచి పాపను తీసుకుని రోడ్డెక్కింది. తల్లిదండ్రులు వెనకాల పరుగెత్తారు.

దగ్గర్లో ఉన్న డిస్పెన్సరీ గేటు దగ్గర కాపలాదారు బలరాం కార్డు చూపమని అడ్డుపడ్డాడు. "కార్డ్ దిఖావ్." కంపెనీ ఉద్యోగులకే కార్డు. సత్యారావుకు లేదు.

"కార్డు నైఁ హై. బచ్చీ హై" అంది జోగమ్మ, కార్డు లేదు, పసిపిల్ల ఉందని వచ్చీరాని హిందీలో. అతను కదలలేదు. ఆమె గేటుకు అడ్డంగా కింద కూర్చుంది. లోపలికి వెళ్ళాల్సిన ఆఫీసరు గారి జీపు హారన్ కొట్టింది. ఆమె లేవలేదు. రెండోసారి కొట్టింది. "ఎక్కించీమను నా మీద నుంచి!" అని తెలుగులోనే అరిచింది.

ఆ గొడవకు డాక్టరు గౌరీదేవి బయటికొచ్చింది. విజయనగరం మనిషి. పాప డొక్కలు చూసి వెంటనే లోపలికి తీసుకుపోయింది. న్యుమోనియా. పెన్సిలిన్ సూదులు మొదలుపెట్టారు. పదకొండు రోజులు అక్కడే ఉంచారు. పాప బతికింది.

మొదటిరోజు సాయంత్రమే డాక్టరు జోగమ్మను పిలిచింది.

"మెడలు విరిచే జోగమ్మవు నువ్వేనా? ఈ పిల్లకేమైనా చేశావా?"

"సేస్తే మీ కాడికెందుకు తెస్తాను?"

"ఇకమీదట ఎవరినీ ముట్టనని మాటివ్వు."

"ఇవ్వను డాక్టరమ్మా. రొంపకి ముట్టను, ఊపిరికి ముట్టను. భుజం జారినోడొస్తే ముడతాను. అది నాకొచ్చు."

డాక్టరుకు కోపమే వచ్చింది. వాళ్ళిద్దరూ తర్వాతెప్పుడూ స్నేహంగా మాట్లాడుకున్నది లేదు. అయితే జోగమ్మ మోసుకొచ్చిన పిల్లలకు మాత్రం ఆ గేటు దగ్గర మళ్ళీ కార్డు అడగలేదు.

గురునాథరావు తన మాట అబద్ధం చేసిందని మండిపడి, జగ్గయ్యను కొలిమి దగ్గర వేడి పనికి మార్పించాడు. "నీ నోరు నా నెత్తికొచ్చింది" అని జగ్గయ్య సణిగాడు. అయినా, ఆ మాట వెనక్కి తీసుకోమని ఒక్కసారి కూడా అనలేదు. సత్యారావు నెలరోజులు మొహం చాటేసి, తర్వాత ఒకరోజు వచ్చి కారుతున్న ఇంటి రేకులు సరిచేసి పోయాడు.

ఆ తర్వాత ముక్కు చీదుకుంటూ ఎవరొచ్చినా జోగమ్మ గుమ్మంలోనే ఆపేసేది. "వేడినీళ్ళు తాగి తొంగో. డొక్క ఎగిరితే పిలు, నానే మోసుకెల్తాను. మెడ మాత్రం ముట్టను."

1970 నాటికి అలా ఏడుగురు పిల్లల్ని మోసుకెళ్ళింది. ఆరుగురు ఇంటికొచ్చారు. ఏడోవాడు అదే వీధిలోని అప్పలకొండ కొడుకు. జోగమ్మ దగ్గరికి తెచ్చేసరికే ఆలస్యమైంది. దినాలు కాగానే అప్పలకొండ ఆమె వాకిట్లో నిలబడి మన్ను ఎత్తిపోసి తిట్టాడు, మెడ తిప్పి ఉంటే నా కొడుకు బతికేవాడని. వీధంతా చూస్తోంది. జోగమ్మ తలుపు వేసుకోలేదు. చివరిదాకా నిలబడి విన్నది.

"నీ కడుపుకోత నాకు తెలుసు నాయనా, తిట్టు" అంది. "తిప్పుంటే బతికీవోడని నువ్వనుకో. నానలా అననుగాక అనను."

మర్నాడు పొద్దున్నే మడమ మెలిపడ్డ కూలీ ఒకడు కుంటుకుంటూ వచ్చాడు. ఆమె పీట లాక్కుని కూర్చుని, అతని పాదం ఒళ్ళో పెట్టుకుంది.