దురాయి యూనివర్సిటీకి పోయిన సంగతి

పందొమ్మిది వందల అరవై ఒకటిలో నేను బోగోలుకు తూర్పున, సముద్రం ఒడ్డున చేపలు పట్టేవాళ్లుండే ఒక పట్టపుపాళెం బడిలో స్కూల్ మదర్‌గా పనిచేస్తున్నాను. స్కూల్ మదర్ అంటే ఈ కాలం వాళ్లకు తెలియకపోవచ్చు. ఆడపిల్లలు బడికి రావాలని గవర్నమెంటు పెట్టిన ఉద్యోగం అది. పొద్దున్నే ఇంటింటికీ పోయి ఆడపిల్లల్ని పిలుచుకు రావాలి. తల దువ్వాలి, ముక్కు తుడవాలి, ఏడిస్తే సముదాయించాలి, సాయంత్రం మళ్లీ ఇళ్లకు చేర్చాలి. పాఠం చెప్పే పని మాస్టారిది.

ఆ ఉద్యోగంలో చేరేనాటికి నాది వేలిముద్రే. ఒకటో తరగతి పిల్లల వెనక కూర్చుని వాళ్లతో పాటే అ ఆలు దిద్దుకున్నాను. తలలో తెల్ల వెంట్రుకలు కనబడే వయసులో గుణింతాలు పట్టుబడ్డాయి. చదువుకున్న మనుషులంటే నాకు ఒక విధమైన భయమూ ఆశ్చర్యమూ ఉండేవి. భయం పోయింది గానీ ఆశ్చర్యం పోలేదు. అది పోకుండా చేసిన మనిషి గురించే ఇప్పుడు రాస్తున్నాను.

ఆవిడ సుభద్రమ్మ గారు, మా బడులకు డిప్యూటీ ఇన్‌స్పెక్ట్రెస్. అంటే ఊరూరూ తిరిగి బడులు తనిఖీ చేసే ఆఫీసరు. కొడవలూరు దగ్గర వరి పండించే కుటుంబం వాళ్లది. రోడ్డు మీద బస్సు దిగి, ఒంటెద్దు బండిలో కొంత దూరం వచ్చి, బండి దిగబడే చోట చెప్పులు చేత్తో పట్టుకుని ఇసకలో నడిచి వచ్చేవారు. వేరే ఆఫీసర్లు వస్తే ముందు హాజరుపట్టీ అడిగేవారు. ఈవిడ వరండాలో నిలబడి, "పెంచలమ్మా, ఈరోజు రానిది ఎవరు? ఎందుకు రాలేదు?" అని నన్ను అడిగేవారు.

తనిఖీ అయ్యాక బండి వచ్చేదాకా నా పాకలో కూర్చుని మజ్జిగ తాగేవారు. అట్లా కూర్చున్న ఒకరోజు చెప్పారు, తాను యూనివర్సిటీలో డాక్టరేట్ చదువుకు అర్జీ పెట్టుకున్నానని. బి.ఏ., బి.టి. అయింది, ఉద్యోగం చేస్తూనే ఎం.ఎడ్. కూడా అయింది. ఇంకా పైన ఒక చదువుందంట. బడులను నడిపించడం ఎట్లా, నడిపించే పెద్ద ఎట్లా ఉండాలి అన్నది అందులో విషయం. ఎడ్యుకేషనల్ అడ్మినిస్ట్రేషన్ అన్నారు.

"ఇంత చదివినాక ఇంకా మిగిలుంటాదా అమ్మగారూ?" అని అడిగాను.

"నువ్వు గుణింతాలు నేర్చుకున్నాక ఏమనిపించింది?"

"ఒత్తులు మిగిలినాయే అనిపించింది."

"నాకూ అంతే," అని నవ్వారు.

ఈ సంగతి పాళెంలో పాకింది. చేపల గంప నెత్తిన పెట్టుకుని పోతూ కోటమ్మ అడిగింది, "ఏం మే పెంచలా, మీ ఇన్‌స్పెక్టరమ్మ డాకటరు చదువుకు పోతుండాదంట గదా! వచ్చినాక మాకు సూదులేస్తాదా?" అది సూదుల డాక్టరు కాదే అంటే, "సూది లేని డాకటరెందుకు మే?" అని నవ్వుకుంటూ పోయింది. కోటమ్మ మొగుడు సముద్రంలో పోయినాడు. కూతురు లక్ష్మి రెండో తరగతి. ఆ పిల్ల ఎండబెట్టిన నెత్తళ్ల చేపల దగ్గర కాకులు తోలితేనే తల్లి సంతకు పోగలదు.

తరవాతి నెల సుభద్రమ్మ గారు వచ్చినప్పుడు ముఖం వాడిపోయి ఉంది. సినాప్సిస్ తిరిగొచ్చిందన్నారు. సినాప్సిస్ అంటే ఏం తెలుసుకోదలచుకున్నామో ముందుగా రాసి చూపించే కాగితాలు. ప్రొఫెసరు గారు కొట్టిపారెయ్యలేదంట. "ఇందులో ఉన్న ప్రశ్నలన్నీ పుస్తకాలు అడిగినవి. మీరు అడిగింది ఏది? దొరికితే ఇంటర్వ్యూకు రండి" అని రాశారంట.

"ఈ ఏడు సీటు రాకపోతే ఇంక లేదు పెంచలమ్మా. స్టడీ లీవుకు నా వయసు దాటిపోతుంది," అన్నారు. జీతమిస్తూ చదువుకు పంపే సెలవును స్టడీ లీవు అంటారు. అది లేకుండా ఆవిడ ఉద్యోగం వదులుకుని పోలేరు. ఇంట్లో మంచం పట్టిన తల్లి ఉంది.

సరిగ్గా అప్పుడే వలల్లో నెత్తళ్లు పడ్డాయి. నెత్తళ్లు పడితే మా బడిలో ఆడపిల్ల ఉండదు. తల్లులు అమ్మకానికి పోతే చంటిబిడ్డలను చూసేదీ, చేపలు ఎండబెట్టేదీ, కాకులు తోలేదీ ఈ పిల్లలే. నేను ఇంటింటికీ తిరిగి గొంతు పోగొట్టుకుని ఉత్త చేతులతో వచ్చేదాన్ని. సుభద్రమ్మ గారు తానే పెద్దకాపు ఇంటికి పోయారు. పెద్దకాపు అంటే పాళేనికి పెద్ద. తెప్ప పక్కన కూర్చుని వల అల్లుకుంటున్నాడు.

"మీరు ఆఫీసరు గదమ్మా, ఆర్డరెయ్యండి," అన్నాడు తల ఎత్తకుండా.

"నా ఆర్డరు కాగితం దాకానే కాపూ. మీ వాకిట్లోకి రాదు."

ఆయన అల్లడం ఆపి ఆవిడ వైపు చూశాడు. ఒక ఆఫీసరు నోట ఆ మాట వింటానని అనుకోలేదేమో. "అట్టయితే దురాయి వేస్తాం," అన్నాడు.

దురాయి అంటే కట్టుబాటు. పాళెం పెద్దలందరూ కూర్చుని ఒక మాట అనుకుని చాటింపు వేయిస్తే అది దురాయి. ఫలానా రోజు ఎవరూ వేటకు పోకూడదని దురాయి వేస్తే, చేప ఒడ్డుకొచ్చి ఎగిరినా ఒక్క తెప్ప కదలదు. పోలీసుకు భయపడని మనిషి కూడా దురాయికి లోబడతాడు.

ఆ సాయంత్రమే తప్పెట కొట్టి చాటారు: "రేపటి నుంచి బడి గంట కొట్టినాక ఆడబిడ్డ ఇంటికాడ కనబడగూడదు! కనబడితే తప్పు కట్టాల!" తప్పు అంటే జరిమానా.

మర్నాడు గంట కొట్టాను. ఇసక మీద నుంచి వాళ్లు రావడం చూస్తే ఇప్పటికీ నా కళ్లకు కట్టినట్టుంటుంది. ఆడబిడ్డ ఇంటికాడ కనబడగూడదు అన్నారు గదా. ఆడబిడ్డ అంటే ఎంత వయసుదో చెప్పలేదు. చంకలో ఉన్నదీ ఆడబిడ్డే, ఒళ్లో ఉన్నదీ ఆడబిడ్డే. అక్కలు చెల్లెళ్లను ఎత్తుకొచ్చారు. చెల్లెలిని తీసుకుపోతే తమ్ముడు ఒంటరిగా ఉండడు గనక వాడినీ తెచ్చారు. ఒక పిల్ల పాలు మరవని మేకపిల్లను తెచ్చింది, అదీ ఆడదేనంట. ఒక పిల్ల కళ్లు కనబడని అవ్వను చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చింది. "నేనూ ఒక తల్లికి ఆడబిడ్డనే గదమ్మే, తప్పు ఎవరు కడతారు?" అని ఆ అవ్వ గుమ్మం దగ్గర చతికిలబడింది.

"ఇది బడా, సంతా?" అని మాస్టారు తల పట్టుకున్నారు. చంటిబిడ్డల ఏడుపులో ఎక్కాలు వినబడలేదు. ఇంతలో దురాయి ఏమైందో చూద్దామని సుభద్రమ్మ గారు చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చారు. ఆవిడ గుమ్మంలో నిలబడి చాలాసేపు అట్లాగే చూశారు. తరవాత ఆ చెప్పులు పక్కన పెట్టి, ఏడుస్తున్న బిడ్డను ఒకదాన్ని ఎత్తుకున్నారు.

"ఎవరినీ వెనక్కి పంపొద్దు మాస్టారూ," అన్నారు. "పెంచలమ్మా, పాత వలలు దొరుకుతాయా?"

మధ్యాహ్నానికల్లా వరండా పక్కన తాటాకు పంచ దించారు. పెద్దకాపు తానే పాత వలలు తెచ్చి దూలాలకు కట్టి ఉయ్యాలలు వేశాడు. గుడ్డి అవ్వ తాళ్లు పట్టుకుని ఊపుతూ కూర్చుంది. లోపల అక్కలు పలకలు పట్టారు. నేను ఆ ఉయ్యాలల మధ్య నిలబడితే, ఇన్నాళ్లకు నా ఉద్యోగం పేరుకు అర్థం వచ్చినట్టనిపించింది.

ఆ సంతోషంలో ఉండగా కోటమ్మ వచ్చి వాకిట్లో నిలబడి అరిచింది. "నా నెత్తళ్లు కాకులు ఎత్తుకుపోయినాయి! మీ దురాయి నాకు బువ్వ పెడతాదా? తప్పు కట్టలేక పంపించినా గానీ, బడి మీద ప్రేమతో కాదు!"

పెద్దకాపు కసరబోయాడు. సుభద్రమ్మ గారు చెయ్యెత్తి ఆపారు. కోటమ్మను ఇసక మీద కూర్చోబెట్టి, ఎదురుగా తానూ కూర్చుని, ఆమె అన్నదంతా విన్నారు. చివరికి పెద్దకాపునే అడిగారు, చేపలకు కాపలా పెట్టేదానికి కూడా దురాయి ఉంటుందా అని. ఆయన గడ్డం గోక్కుని, వేటకు పోలేని ముసలోళ్లను కాకులు తోలేదానికి పెట్టాడు. "వీళ్లకు ఈ వయసులో ఉద్యోగం ఇప్పించినారు గదమ్మా!" అని పాళెమంతా నవ్వింది. కోటమ్మ నవ్వలేదు గానీ, మర్నాడు లక్ష్మి తల దువ్వించుకుని వచ్చింది.

ఆరోజు బండి ఎక్కుతూ సుభద్రమ్మ గారు అన్నారు, "నా ప్రశ్న దొరికింది పెంచలమ్మా. నా ఆర్డరు పోలేని వాకిట్లోకి దురాయి ఎట్లా పోయింది?"

ఇంటర్వ్యూకు తోడుగా నన్ను పిలుచుకుపోయారు. ఆడమనిషి ఒంటరిగా అంత దూరం పోకూడదని వాళ్ల అన్నగారి పట్టుదల. బిట్రగుంటలో తెల్లవారి రైలెక్కి మధ్యాహ్నానికి యూనివర్సిటీ ఉన్న ఊళ్లో దిగాం. టైముండగా నన్ను లైబ్రరీలోకి తీసుకుపోయారు. నేల నుంచి మిద్దె దాకా పుస్తకాలు. అంతమంది మనుషులుండి అంత నిశ్శబ్దం నేను ఎక్కడా వినలేదు. సముద్రం ఒడ్డున పుట్టిన చెవికి ఆ నిశ్శబ్దమే ఒక హోరులా వినబడింది.

"ఇవన్నీ ఎవరైనా చదివేసినారా అమ్మగారూ?" అని గుసగుసగా అడిగాను.

"ఒక్కరి వల్ల కాదు. అందుకే ఇంతమంది కూర్చుని చదువుతున్నారు."

తరవాత ఆవిడ లోపలికి పోయారు. నేను వరండాలో కిటికీ కింద బెంచీ మీద కూర్చున్నాను. లోపల అంతా ఇంగ్లీషు. ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆవిడ గొంతు మొదట సన్నగా వచ్చింది, తరవాత నిలదొక్కుకుంది. ఆ ఇంగ్లీషు మధ్యలో ఉన్నట్టుండి వినబడింది: "దురాయి."

తెప్పల దగ్గర, వలల దగ్గర, నెత్తళ్ల కంపులో పుట్టిన మాట, అంత పెద్ద మిద్దెలో వినబడింది. ఇంకో గొంతు "దూరాయ్?" అని అడిగింది. ఆవిడ సరిదిద్దారు. ఇంకొకరు అన్నారు, ఈసారి సరిగ్గానే. అట్లా ఆ మాట బల్ల చుట్టూ నోరు నోరూ తిరిగింది. తరవాత ఒకాయన గట్టిగా ఏదో అడిగారు. నేను కొంగు నోట్లో కుక్కుకుని కూర్చున్నాను. ఆవిడ చాలా చిన్న జవాబు చెప్పారు.

ఆవిడ బయటికి వచ్చాక ఆ ప్రశ్న ఏమిటని అడిగాను. ప్రొఫెసరు గారు అడిగిందేమిటంటే, "జరిమానా భయంతో పిల్లలు వస్తే దాన్ని నాయకత్వం అంటారా?" అని.

"మీరేం చెప్పినారు?"

"నాకు తెలియదు, అది తెలుసుకునేదానికే వచ్చాను అన్నాను."

అంత దూరం వచ్చి, అంతమంది పెద్దల ముందు తెలియదనడమా! మా బడిలో తెలియదంటే మాస్టారు బెత్తం తీస్తారు. ఇంతలో ఆ ప్రొఫెసరు గారే వరండాలోకి వచ్చారు. నన్ను చూసి, "దురాయి ఊరి నుంచి వచ్చింది మీరేనా?" అని తెలుగులో అడిగారు. లేచి దండం పెట్టాను. "మీ ఇన్‌స్పెక్ట్రెస్ గారిని కొన్నేళ్లు మాకు ఇవ్వాలి మరి," అన్నారు.

సుభద్రమ్మ గారు అట్లాగే స్తంభం పట్టుకుని నిలబడిపోయారు. ఆ తరవాత, నాకు తెలియదన్న ఆవిడ జవాబు ఎన్నిసార్లు తలచుకున్నానో. నా ఉద్యోగం ఉన్నన్నాళ్లూ, పిల్లను పంపని తల్లి ముందు నిలబడినప్పుడు, పంపమని చెప్పడం మానేశాను. ఎందుకు పంపలేదో నాకు తెలియదు, నువ్వే చెప్పమ్మా అని వాకిట్లో కూర్చునేదాన్ని. నేను నేర్చుకున్న పనితనం అంతా అదే.

అరవై ఏడులో ఆవిడ డాక్టరేట్ పుచ్చుకుని పాళేనికి వచ్చారు, చెప్పులు చేత్తో పట్టుకునే. నీలం అట్ట వేసిన లావు పుస్తకం నా ఒళ్లో పెట్టారు. అంతా ఇంగ్లీషు టైపు. నాకేం తెలుస్తుందని పేజీలు తిప్పుతున్నాను. టైపు మిషనుకు తెలుగు రాదు గనక ఒక చోట జాగా వదిలిపెట్టి ఉంది. ఆ జాగాలో సిరాతో, ఆవిడ చేతి రాతతో మూడు అక్షరాలు.

వేలు పెట్టి, ఒకటో తరగతిలో చదివినట్టు, పైకి చదివాను.

దు. రా. యి.