ఓడెక్కిన కజ్జికాయలు

నా తమ్ముడు నౌకాదళంలో చేరినప్పుడు ఎమ్మిగనూరులో మా వీధంతా నవ్వింది. వానకు మొహం వాచిన సీమలో పుట్టినవాడికి సముద్రం మీద ఉద్యోగమేమిటని. తర్వాత యుద్ధం వచ్చింది. వాడి ఓడ బయల్దేరింది, ఎక్కడికో చెప్పలేదు. ఫోను పలకడం మానేసింది.

దీపావళి దగ్గరపడుతుండగా అమ్మ ఆదోనిలో ఉన్న నాకు ఫోన్ చేసింది. "వానికి కజ్జికాయలు పంపల్ల. వచ్చి పో."

వెళ్లేసరికి పెద్ద డబ్బా నిండిపోయి ఉంది.

"వాడొక్కడే ఇన్ని తింటాడా అమ్మా?"

"పక్కనోళ్లు సూస్తాంటే వాడెట్ల తింటాడే? అందరికీ కావల్ల."

నాన్న మగ్గం మీద తను నేసిన తువ్వాలు తెచ్చి పైన పెట్టాడు.

డబ్బాను గుడ్డలో కుట్టి ఆదోని పోస్టాఫీసులో ఇచ్చాను. "ఎప్పుడు ముడుతుందన్నా?" అని అడిగితే, "ఓడ యాడుంటే ఆడికి పోతాదిమ్మా. ఎప్పుడంటే సెప్పలేను" అన్నాడు గుమాస్తా.

ఆ రోజు నుంచి నాకు కాలు నిలవలేదు. టీవీ పెట్టేదాన్ని, భయమేసి ఆపేదాన్ని, మళ్లీ పెట్టేదాన్ని. పొయ్యి మీద పాలు పొంగిపోయేవి. "ముట్టిందంటనా?" అని అమ్మ పొద్దున్నే ఫోన్ చేసి అడిగేది, సాయంత్రమూ అడిగేది.

పండగనాడు వీధిలో టపాసు పేలినప్పుడల్లా ఉలిక్కిపడుతున్నాను. అప్పుడే తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. రెండోసారి మోగాక ఎత్తాను.

"దీదీ," అన్నాడు అవతలి కుర్రాడు హిందీలో. "రేవుకొచ్చాం, పార్సెల్ మీద నంబరు చూసి చేస్తున్నా. మీ తమ్ముణ్ని మా ఓడ నుంచి వేరే ఓడకు మార్చారు. ఆయన వెళ్లాక మీ పార్సెల్ మా దగ్గరికొచ్చింది. పాడైపోతాయని మేమే తినేశాం. తువ్వాలు మాత్రం దాచాను. మన్నించండి."

"వాడు బాగున్నాడా?"

"వెళ్లేటప్పుడు బాగున్నాడు."

"ఇప్పుడు?"

"తెలియదు దీదీ."

అమ్మకు చెప్పాను. "కజ్జికాయలు బాగుండాయన్నారా?" అని అడిగింది.

"చాలా బాగున్నాయన్నాడు," అని అబద్ధం చెప్పాను.

"తిననీలే, వాళ్లూ పిల్లోళ్లే. మల్లా సేస్తా."

రెండో డబ్బా కూడా పంపాం. కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం తమ్ముడి గొంతు వినపడింది. "అక్కా, నేను బాగుండా. ఏం, ఈసారి పండక్కి ఏమీ పంపలేదే?"

నవ్వబోయి ఏడ్చేశాను. "నాతో కాదురా, ముందు అమ్మకు ఫోన్ చెయ్!" అని కేకలేశాను. లైను తెగిపోయింది. అమ్మకు చేశాడో లేదో తెలియక, ఎమ్మిగనూరు బస్సు కోసం స్టాండుకు పరిగెత్తాను.

ఇంటికి చేరేసరికి నాన్న గుమ్మంలోనే ఉన్నాడు. "మాట్లాడినాడు" అన్నాడు. యుద్ధం ఇంకా ఆగలేదు. లోపల అమ్మ బెల్లం దంచుతోంది.